ఏవండీ అన్నా ఆగకుండా

రిటైరైన ఏడాది పరుగు మొదలుపెట్టాను. డాక్టరు చెప్పినందుకు కాదు. ఆఫీసు వేళయ్యేసరికి కాళ్ళు వాటంతట అవే గుమ్మం దాటేవి. వాటికి ఏదో ఒక పని చెప్పాలి కదా అనిపించింది.

పద్ధతి లేకుండా ఏదీ చెయ్యలేని మనిషిని. మొదట పార్కులో చెట్ల చుట్టూ నడక, మధ్యమధ్య కాస్త పరుగు. తర్వాత పార్కు నుంచి కాలేజీ మైదానం దాకా. ఆ తర్వాత తమ్మిలేరు గట్టు పట్టుకొని కాలవ దాకా వెళ్ళి, నిద్రగన్నేరు చెట్ల నీడన మళ్ళీ పార్కుకు. ఏలూరంటే ఎండా దుమ్మూ అనుకునేవాణ్ణి. ఊళ్ళో ఇంత పచ్చదనం ఉందని స్కూటరు మీద తిరిగిన ఇన్నేళ్ళలో తెలియనే లేదు. చలికాలంలో కొల్లేటి వైపు నుంచి గూడబాతులు బారులు తీరి తల మీదుగా వెళ్ళేవి. వాటి రెక్కలూ నా ఊపిరీ ఒక వరసలో పడిన పొద్దుల్లో ఆగాలనిపించేది కాదు. ఇంటికి రాగానే ఏ దారిన వెళ్ళానో, గాలి ఎటు వీచిందో డైరీలో రాసుకునేవాణ్ణి. ఎప్పటికైనా కొల్లేటి గట్టు దాకా పరుగెత్తాలని కోరిక.

చిక్కల్లా మావాళ్ళ మర్యాదతోనే. తల నెరిసిన మనిషి పరుగెడుతున్నాడంటే మా వైపు ఏదో కొంప మునిగిందనే అర్థం. దెందులూరు నుంచి పాలు తెచ్చే ఆయన నా పక్కన మోపెడ్ ఆపేవాడు.

"ఏవండీ, బస్సు దాటిపోయిందాండీ? ఎక్కండి, స్టాండు దాకా దింపేస్తాను."

"లేదండీ. ఊరికే పరుగెడుతున్నాను."

"ఊరికేనాండీ?" కాసేపు ఆలోచించేవాడు. "ఇంట్లో అందరూ కులాసాయేనాండీ?"

ఇలా ఒక్కొక్కరికీ ఆగి జవాబు చెబుతుంటే ఒంటిమీది చెమట ఆరిపోయేది. చివరికి ఎవరు "ఏవండీ" అన్నా తల తిప్పకుండా, చెయ్యెత్తి సాగిపోవడం అలవాటు చేసుకున్నాను. ఆ ఉపాయం మా ఆవిడకు గొప్పగా చెప్పాను.

"ఏవండీ అంటే పలక్కపోవడం నా ఒక్కదాని భాగ్యమే అనుకున్నాను. ఊరందరికీ పంచుతున్నారన్నమాట," అంది కందిపప్పులో రాళ్ళు ఏరుతూ.

పెళ్ళయినప్పటి నుంచి ఆమె నన్ను పిలిచింది ఆ ఒక్క మాటతోనే. కాఫీ చల్లారిపోతోందనే ఏవండీ ఒకటి, చుట్టాలొచ్చారనేది ఒకటి. కోపం వచ్చినప్పటిది వేరు. వంటింట్లోంచి వినిపించినా అది ఏ ఏవండీయో తెలిసిపోయేది.

మరుసటి వేసవిలో ఆమెకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పట్టు తప్పాయి. మాట పడిపోయింది. వ్యాయామాలు చేయించగా కాలు కొంత కుదురుకుంది గాని మాట రాలేదు. మేము అన్నదంతా ఆమెకు తెలిసేది. తను అనబోయేది పెదవుల దాకా వచ్చి ఆగిపోయేది. వస్తుందో రాదో చెప్పలేమన్నారు డాక్టరు. నేను పరుగు మానేశాను.

చలికాలం మొదట్లో ఒక పొద్దున, ఆమె చేతికర్ర కొసతో మంచం కిందున్న నా బూట్లను ఒక్కొక్కటే నా వైపు నెట్టింది. నేను కదల్లేదు. మళ్ళీ నెట్టింది.

ఒంటరిగా వదలలేక రిక్షాలో ఆమెనూ పార్కుకు తీసుకెళ్ళి, గేటు పక్కన బెంచీ మీద కూర్చోబెట్టాను. ప్రతి చుట్టుకూ ఆ బెంచీ ముందు నుంచే వెళ్ళేలా నా దారి మార్చుకున్నాను. తివాచీలు నేసే ఇంటి పెద్దావిడ ఒకరు రోజూ నడకకు వచ్చి ఆ బెంచీ మీదే చేరేవారు. మేము వెళ్ళిన రెండో రోజుకే వరసలు కలిపేశారు. నేను అన్నయ్యగారిని, మా ఆవిడ వదినగారు. కోడళ్ళ సంగతులు, ఉన్ని రంగుల సంగతులు జవాబు కోసం చూడకుండా చెప్పుకుంటూ పోయేవారు. మా ఆవిడ నవ్వేది. దాటుతూ ఆ నవ్వు చూసుకొని ఇంకో చుట్టు వెళ్ళేవాణ్ణి. తమ్మిలేరు గట్టు మీద ఎన్నడూ పరుగెత్తనంత దూరం ఆ చలికాలం ఆ చెట్ల మధ్యే పరుగెత్తాను.

ఒక రోజు బెంచీ దాటి నాలుగడుగులు వేశానో లేదో, వెనక "ఏవండీ" అని వినిపించింది. అలవాటు ప్రకారం చెయ్యెత్తి వెళ్ళిపోయాను.

"అన్నయ్యగారూ," పెద్దావిడ గొంతు పెంచారు. "మిమ్మల్నేనండీ. పిలిచింది నేను కాదండీ."

ఆగాను. వెనక్కి తిరగడానికి భయం వేసింది. తిరిగేసరికి మా ఆవిడ ఎడమ చేత్తో నా పాదం చూపిస్తోంది. పెదవులు రెండు మూడుసార్లు కదిలాక మాట వచ్చింది.

"లేసు."

బూటు లేసు ఊడి నేల మీద ఈడ్చుకుంటోంది. బెంచీ ముందు కూలబడి కట్టుకోబోయాను. ముడి ఎంతకీ పడలేదు.

"మా ఇంట్లో చంటిపిల్లలు కూడా ముడి వేస్తారండీ అన్నయ్యగారూ," అన్నారు పెద్దావిడ, కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూనే.

తిరిగి వెళుతుంటే గేటు దగ్గర పాలాయన ఎదురయ్యాడు. "ఏవండీ, అందరూ కులాసాయేనాండీ?" అన్నాడు. రిక్షా ఆపించి, కులాసాయేనండీ అని నిదానంగా చెప్పాను.

ఆ తర్వాత చాలా వారాలు ఆమెకు ఆ రెండు మాటలే. కాఫీ కావాలన్నా లేసే, ఫ్యాను తగ్గించమన్నా లేసే. ముందొచ్చే ఏవండీని బట్టి ఏది కావాలో తెలిసిపోయేది.