రాని జ్వరం

నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాను. చల్లగా ఉంది. చెయ్యి తిప్పి, వేళ్ళ వెనకవైపు ఆనించి మళ్ళీ చూశాను. చల్లగానే ఉంది. మా అమ్మాయి కళ్ళు తెరవకుండానే విసుక్కుంది. "జ్వరం లేదమ్మా. ఉన్నట్టు రాయమంటున్నాను, అంతే." కోదాడలో మా తమ్ముడి పెళ్ళికి వెళ్ళి అది బడి మానింది. రేపు టీచరుకు లీవ్ లెటర్ ఇవ్వాలి. వాళ్ళ తరగతిలో అందరి తల్లులూ జ్వరమనే రాస్తారట. పిల్ల నిద్రపోయింది, నేను మాత్రం కాగితం ముందు పెట్టుకొని ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. ఈ జబ్బు నాకు అంటించినవారు అనంతయ్య వకీలు గారు. ఆయన కన్నుమూసి చాలాకాలమైనా, ఆయన మీద నా విసుగు మాత్రం పోలేదు.

పెళ్ళై సూర్యాపేట వచ్చిన కొత్తలో మేము ఆయన ఇంటి వెనక గదుల్లో కిరాయికి ఉండేవాళ్ళం. మా ఆయన ఆయన దగ్గరే జూనియర్. ముందు గదిలో ఆయన మాట్లాడే ప్రతి మాటా నా వంటింట్లోకి వినిపించేది. వింటుంటే నాకు ఒళ్ళు మండేది. తుంగతుర్తి నుంచి బండి కట్టుకొని వచ్చిన మనిషికి మంచినీళ్ళిచ్చి, కాగితాలన్నీ చదివి, "నీ కేసుల దమ్ము లేదు. పోయి రాజీ చేసుకో" అని పంపేసేవారు. ఆ మనిషి నేరుగా ఎదురింటి వకీలు మెట్లెక్కేవాడు. మా ఆయన మొహం మాడ్చుకుంటే, "గెలుస్తమా అని అడిగిండు, చెప్పిన. అబద్ధం చెప్తె ఇల్లమ్ముకొని కోర్టు సుట్టు తిరుగుతడు" అనేవారు.

కోదాడ రైసు మిల్లు అన్నదమ్ములు విడిపోయినప్పుడు పెద్దవాడు ఆయన దగ్గరకే వచ్చాడు. ఏ వకీలైనా ఎగిరి గంతేసి పట్టుకునే కేసు అది.

"మా భాగస్తుల పత్రం రాసింది మీరేగా సార్. మీకు తెలియందేముంది?" అన్నాడతను.

"గందుకే వద్దంటున్న సేఠ్. ఆనాడు మీ తమ్ముడు నన్ను నమ్మి చెప్పిన ముచ్చట్లు నా కడుపుల ఉన్నయి. నీ దిక్కు నిలవడ్తె వాటిని వాని మీదికే తియ్యాలె."

"అయితే తీయకండి సార్!"

"తియ్యకపోతె నీ పని సగమే చేసినట్టు. నువ్వు ఇంకొకల్ని సూసుకో, మీ తమ్ముడొచ్చినా గిదే మాట."

ఆ సాయంత్రం నేను మా ఆయన మీద విరుచుకుపడ్డాను. "ఈయన దగ్గర పని నేర్చుకుంటే మనం గాలి తిని బతకాలి!"

"జర మెల్లగ. ఇనవడ్తది" అన్నారు మా ఆయన.

ముందు గదిలోంచి జవాబు వచ్చింది. "ఇనవడ్డది బిడ్డా!"

అలాంటి మనిషి ఒక రైతు పొలాన్ని ప్రమాదంలో పెట్టారు. ఆత్మకూరు లచ్చయ్య తన రెండు మెట్ట చెలకల కోసం సూర్యాపేట కోర్టులో దావా ఓడిపోయాడు. అప్పీలు నల్లగొండ జిల్లా కోర్టులో వేయాలి. గడువులో ఆఖరి రోజు మా ఊరి గట్టు మీద జరిగే జాతర నాడు పడింది. జాతరకు మా ఊళ్ళో బడులూ కచేరీలూ కోర్టూ అన్నీ మూత. గడువు సెలవు రోజున ముగిస్తే కోర్టు తెరిచిన నాడు దాఖలు చేయవచ్చు. "జాతరైనంక పోరాదు" అన్నారు వకీలు గారు మా ఆయనతో. మా ఆయన అలాగే వెళ్ళారు. నల్లగొండలో జాతర లేదు, సెలవూ లేదు. ముందురోజు కోర్టు తెరిచే ఉంది. గడువు దాటిందని అక్కడి గుమాస్తా కాగితాలు వెనక్కిచ్చాడు. మా జాతర లోకమంతటికీ జాతరే అనుకోవడం సూర్యాపేట మనిషి తప్ప ఇంకెవరూ చేయలేని పొరపాటు.

ఆలస్యాన్ని మన్నించమని అడగాలంటే జడ్జికి గట్టి కారణం చూపాలి. కోర్టు వరండాలో తోటి వకీళ్ళు దారి చెప్పారు. జూనియర్ బిడ్డకు తీవ్రమైన జ్వరం, అందుకే బస్సు ఎక్కలేకపోయాడని మా ఆయన చేత అఫిడవిట్ వేయించమన్నారు. ప్రమాణం చేసి సంతకం పెడితే చాలు. మిర్యాలగూడలో మా ఆయన స్నేహితుడైన డాక్టరు సర్టిఫికెట్ కూడా ఇస్తానన్నాడు. ఆ బిడ్డ మా అమ్మాయే. అప్పటికి దానికి ఏడాది నిండలేదు. అది తుమ్మితేనే గుండె జారిపోయే దాన్ని నేను. జాతర నాడు అది నా చంకలో కేరింతలు కొడుతూ గట్టంతా తిరిగింది.

లచ్చయ్య మా గడప ముందు కూర్చున్నాడు. "అవ్వా, జ్వరమని కాయితం మీద రాస్తె పిల్లకు జ్వరమొస్తదా? నా చెలకలు పోతె నా పిల్లలు మాత్రం నిజంగనే పస్తులుంటరు" అన్నాడు. అతని మాటే న్యాయమనిపించింది. పిల్లను ఎత్తుకొని ముందు గదిలోకి వెళ్ళి వకీలు గారిని నిలదీశాను.

"మీ నిజం కోసం ఆయన పొలం పోవాలా సార్? తప్పు మీది, శిక్ష ఆయనకా?"

ఆయన కోపగించుకోలేదు. లచ్చయ్యను లోపలికి పిలిచి ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టారు. "లచ్చయ్యా, తప్పు నాది. సెలవున్నదో లేదో అడిగి తెలుసుకోలేదు. జడ్జి ముంగట గదే రాస్త. ఆయన ఒప్పుకోకుంటె నీకు నష్టమే. అప్పుడు నా మీద దావా వెయ్యి. నీకు హక్కున్నది."

లచ్చయ్య తల పట్టుకున్నాడు. "ఏం మనిషివి సారూ! నీ మీద దావా ఎయ్యాలన్నా నాకు నువ్వే గావాలె గద!"

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. వకీలు గారు నా వైపు తిరిగారు. "బిడ్డా, అబద్ధం దొరికితె అప్పీలు అక్కడనే ఖతం. నీ పెనిమిటి సనదు గూడ పోతది, జన్మల మల్ల వకీలు కోటు తొడగడు. నా తప్పు నా పేరు మీదనే ఉండాలె. నీ పెనిమిటికీ లచ్చయ్య చెలకలకూ ఉన్న దారి అదొక్కటే." పిల్లను చూశారు. "రేపు నిజంగ దీనికి జ్వరమొస్తె నాకు మొకం సూపిస్తవా? నీకు నువ్వు సూపించుకుంటవా?"

అఫిడవిట్ ఆయనే వేశారు. జాతర సెలవు అనుకున్నానని, విచారించలేదని, క్లయింటు తప్పు ఏమీ లేదని. జరిగింది మా ఆయన వచ్చి చెప్పారు. నెత్తి నెరిసిన మీకు ఏ కోర్టుకు ఎప్పుడు సెలవో కూడా తెలియదా అంటూ జడ్జి అందరి ముందూ కడిగేశారట. వకీలు గారు తల వంచుకొని నిలబడి, "నిజమే" అని మాత్రం అన్నారట. చివరకు, వకీలు పొరపాటుకు రైతును శిక్షించలేమని జడ్జి అప్పీలు తీసుకున్నారు.

బయటకు వచ్చాక అవతలి పక్షం వకీలు, మిర్యాలగూడ మనిషి, తన ఫైలులోంచి ఒక ఫోటో తీసి మా ఆయన చేతిలో పెట్టాడట. "జ్వరం కథ మా ఊరి డాక్టరు దగ్గర విన్న. మీరు గదే రాస్తె జడ్జికి సూపెడ్దామని తెచ్చుకున్న. ఇగ నాకెందుకు, నువ్వే ఉంచుకో" అని నవ్వాడట. జాతరలో డేరా వేసిన మిర్యాలగూడ స్టూడియో వాళ్ళు తీసిన ఫోటో అది. బాగా వచ్చిందని వాళ్ళ దుకాణం అద్దాల్లో పెట్టుకుంటే అక్కడ అతని కంట పడిందట. రంగుల గుడ్డ ముందు నేను, నా చంకలో గాలికి తిరిగే కాగితపు గిరక పట్టుకొని నోరంతా తెరిచి నవ్వుతున్న పిల్ల. అది చూసి పిల్లను దగ్గరకు లాక్కున్నాను. ఇక వకీలు గారు నన్ను దెప్పుతారని ఎదురుచూశాను. "పిల్ల మంచిగ నవ్వింది" అని మాత్రం అన్నారు.

అప్పీలులో లచ్చయ్యకు ఒక చెలక దక్కింది, ఒకటి పోయింది. ఊరు మాత్రం అనంతయ్య గారిని చివరిదాకా 'జాతర వకీలు' అనే పిలిచింది. సరైన మాట చెప్పి పంపించిన వందల మందిని మరచిపోయి, ఆ ఒక్క పొరపాటును గుర్తుపెట్టుకుంది. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. కనీసం ఆయన బాధపడినా నాకు ఊరటగా ఉండేది. "తప్పా ఏంది? జాతర సంగతి నిజమే గద" అని తానే నవ్వేవారు.

మళ్ళీ పిల్ల నుదుటి మీద చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. జ్వరమని రాస్తే టీచరు ఏమీ అనదు. పెళ్ళికి తీసుకెళ్ళానని రాస్తే రేపు తరగతిలో దీన్ని నిలబెడతారు. సాయంత్రం వచ్చి నాతో మాట్లాడదు. అలిగి అన్నం కూడా తినదేమో. "అందరి అమ్మలూ రాస్తారు, నువ్వే ఎందుకిలా" అని అరుస్తుంది. నేను ఆయన మీద అరిచినట్టే.

తమ్ముడి పెళ్ళికి నేనే తీసుకెళ్ళానని, పిల్ల తప్పు ఏమీ లేదని రాసి, కింద నా పేరు పెట్టాను.