లండన్ వెళ్లి ఖరగ్‌పూర్‌కి తిరిగొచ్చిన 'డెక్కో'

మన వీధిలోని మాటను దొర ఎత్తుకుపోయి, వేషం మార్చి మళ్లీ మన చేతికే ఇస్తే మీరు గుర్తుపడతారా? నేను గుర్తుపట్టలేదు. బిడ్డ కోసం ఖరగ్‌పూర్ పరుగెత్తినప్పుడే నాకది తెలిసింది.

మా కెజియా అక్కడ ఇంజినీరింగ్ చదువుతోంది. ప్రేమ్ బజార్‌లో అద్దె గది. వారం రోజులుగా ఫోన్ ఎత్తదు. ఎప్పుడు చేసినా "బాగున్నాను నాన్నా, రావద్దు, పరీక్షలు" అని మెసేజే. ఉండబట్టక విజయనగరంలో సాయంత్రం రైలెక్కాను. స్లీపర్ బెర్త్ దొరికింది గాని కన్ను మూతపడలేదు.

తెల్లారి దిగి, న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో ఉన్న మా మేనమామ ఇంటికి నడిచాను. ఆయన రైలు చక్రాలు పరీక్షించే పనిచేసి రిటైరయ్యాడు. రావద్దన్న పిల్ల దగ్గరికి వెళ్తే నొచ్చుకుంటుందేమో, సాయంత్రం దాకా ప్రార్థనలో ఉంటానన్నాను. మావయ్య టీ గ్లాసు ఠక్కున కింద పెట్టాడు.

"ఏటల్లుడూ, నువ్వు మోకాళ్ల మీదుంటే కబురే నడిసొస్తాదేటి? ముందెల్లి డెక్కో ఏసిరా!"

"డెక్కో ఏంటి మావయ్యా?"

"మైకు ముందు ఇంగ్లీషు మా దంచుతావు, ఇది తెలీదా! హిందీలో దేఖో అంటే సూడు అని కదా. ఇక్కడున్న తెల్ల సోల్జర్లు ఆ మాట పట్టుకుని వాళ్ల దేశం ఎల్లినారు. అక్కడ 'ఓ సూపు సూడు' అనడానికి డెక్కో అనీవోరు. దాన్నే మా ఫోర్‌మన్లు మళ్లీ మాకు నేర్పినారు. కాగితం మీద బండి ఫిట్ అని రాసున్నా, నేను ప్రతి బోగీ కిందికీ వంగి, యాక్సిల్ బాక్సు మీద సెయ్యేసి, ఏడెక్కిందా లేదా సూసినాకే వదిలేవోణ్ణి. నువ్వు మెసేజీ నమ్మి కూకుంతావా?"

బైబిల్లో, యేసు సంగతి నమ్మని నతనయేలుతో ఫిలిప్పు వాదన పెట్టుకోలేదు, వచ్చి చూడమన్నాడు. ఆ వాక్యం మీద ఎన్ని ప్రార్థన కూటాల్లో ప్రసంగించి గొంతు చించుకున్నానో!

టోటో అనే బ్యాటరీ రిక్షా ఎక్కాను. "జల్దీ దాదా!" అంటే, "రెక్కలు కట్టమంటారా దాదా?" అని డ్రైవర్ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

గది తలుపు ఓరగా ఉంది. మంచం మీద కెజియా. కళ్లు పసుపు ముద్దలు. నుదురు కాలిపోతోంది.

"నువ్వు కంగారుపడతావని, నాన్నా..."

వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాను. కామెర్లు. ఇంకా ఆలస్యమైతే కష్టమయ్యేదని డాక్టరమ్మ అంది. సెలైన్ ఎక్కుతోంది. ఆ మంచం పక్కనే కూర్చుని ఇది రాస్తున్నాను. రేపటి రక్తపరీక్ష వచ్చేదాకా నా భయం నన్ను వదలదు.

సముద్రాలు దాటినా, సోల్జరు నోట నలిగినా ఆ మాట తన పని మానలేదు: కళ్లతో చూడమంటుంది. ప్రేమ్ బజార్ వెళ్లేవాళ్లు మీ రైలు హిజ్లీలో ఆగుతుందేమో ముందే కనుక్కోండి. అక్కడ దిగితే దగ్గర. సహోదరులారా, దూరాన ఉన్న మీవాళ్లు ఫోన్ ఎత్తడం లేదా? చదవడం ఆపండి. చెప్పులు వేసుకోండి. రేపు కాదు, ఇవాళే బండెక్కండి!