తాళం వేసిన గదిలో నాలుగో స్పీకరు

సంపాదన కొత్తగా మొదలైన రోజుల్లో ఎవరికైనా వీపు కాస్త ఎక్కువ నిటారుగా ఉంటుంది. మా వంశంలో అది పుట్టుకతోనే అలా ఉంటుంది కాబట్టి, భీమవరంలో రొయ్యల మేత కంపెనీ ఆఫీసులో మొదటి ఉద్యోగం వచ్చినప్పుడు నేను ఇంచుమించు వెనక్కి వంగి నడిచాను. పొలాలు తాతగారి హయాంలోనే పోయాయి. మాకు మిగిలినవి టేకు తలుపుల ఇల్లు, రెండు మర్యాదలు. ఇంట్లో ఎవరినైనా ‘మీరు’ అనడం ఒకటి (నాయనమ్మ కన్నకొడుకైన నాన్నగారినీ, ఉయ్యాల్లో ఉన్న నన్నూ, ఒట్టిపోయిన గేదెనూ కూడా మీరు అనే అనేవారు). పిలవందే మగవాళ్ళు భోజనానికి లేవకపోవడం రెండోది. ఆకలితో కళ్ళు తిరుగుతున్నా సరే, ఇంటి ఆడవారు వచ్చి "లేవండి, వడ్డించాం" అనాలి. అన్నాక కూడా కాసేపు పేపరు చూసి, ఆవిడ మాట తీసెయ్యలేక అన్నట్టు లేవాలి.

అమ్మ నా చిన్నప్పుడే పోయారు. పిలుపు నాయనమ్మదే అయింది. నాకు ఉద్యోగం వచ్చిన ఏడు నాయనమ్మ కూడా పోయారు. పెద్దకర్మ కాగానే నాన్నగారు ఆవిడ గదికి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నారు. వంటామె వండి బల్ల మీద మూతలు పెట్టేది. నాన్నగారు వసారాలో పడక్కుర్చీలో కూర్చుని టీ తాగేవారు. ఒకసారి నేనే వెళ్ళి "భోజనం చేద్దాం రండి" అన్నాను. "మీరు పిలిచేదేంటండి, నేనేమైనా చుట్టాన్నా?" అన్నారు. మూతల కింద అన్నం అలాగే చల్లారిపోయేది. నెలలు గడిచేకొద్దీ ఆయన చేతి గడియారం మణికట్టు మీంచి మోచేతి వైపు జారడం మొదలుపెట్టింది.

ఆ సమయంలో నేను చూడవలసింది ఆ గడియారాన్ని. నేను చూసింది స్పీకర్లను. నాయనమ్మకు చూపు తగ్గాక పాటలు వినడానికని మా మేనమామ నాలుగు వైర్‌లెస్ స్పీకర్లు తెచ్చి ఇల్లంతా పెట్టారు. మా ఇంట్లో నెట్ లేదు. అడగడం మాకు అలవాటు లేదు. గోడ అవతలి పెద్దావిడే సంగతి గ్రహించి, కోడలిని పంపి, ఆ నాలుగింటినీ వాళ్ళ వైఫైకి కలిపించింది. (వాళ్ళ పెద్దలు ఒకప్పుడు మా పొలం కౌలుకు చేసినవారు. ఇప్పుడు ఆ పొలమూ వాళ్ళదే, అందులో రొయ్యల చెరువులూ వాళ్ళవే.) అంటే మా హాల్లో సుప్రభాతం వాళ్ళ దయ మీద మోగేది. మొదటి జీతం రాగానే నేను సొంత కనెక్షన్ పెట్టించాను. ఒక్కో స్పీకరు వెనక బటన్ నొక్కి పట్టుకుని, లైటు నారింజ రంగులోకి తిరిగాక పాత నెట్‌వర్క్ తీసేసి, కొత్తది కలిపాను. హాలు, వసారా, మేడ మీద గది. కోట తిరిగి గెలిచినవాడిలా చేతులు దులుపుకున్నాను.

తర్వాత రెండు మూడు రోజులకే అనుకుంటాను, మిట్టమధ్యాహ్నం. నా డ్యూటీ రెండింటి నుంచి కాబట్టి ఇంట్లోనే ఉన్నాను. వీధిలో కాకి కూడా లేదు. తాళం వేసిన నాయనమ్మ గదిలోంచి, టేకు తలుపు వెనకనుంచి, ముసలిగొంతు ఒకటి మెల్లగా పలికింది.

"లేవండి. వడ్డించాం."

నా వెన్ను నిటారుగానే ఉంది, కాని ఇప్పుడు దానికి కారణం వంశం కాదు. వంటింట్లో గరిటె కిందపడింది. వంటామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పెరటి గుమ్మంలో నిలబడింది. "పెద్దమ్మగారేనండి. నేను రేపట్నుంచి రానండి బాబూ" అంది. తలుపు కింద సందులో సన్నటి పచ్చటి వెలుగు ఒకటి కాసేపు కదిలి ఆరిపోయింది. నేను ఆంజనేయ దండకం మొదలుపెట్టి రెండో పాదం దగ్గరే ఆగిపోయాను. అప్పుడు నాన్నగారు పేపరు మడిచారు. లేచారు. తాళం వైపు చూడకుండా దాని ముందునుంచే నడిచి, కాళ్ళు కడుక్కుని, బల్ల దగ్గర కూర్చుని, పప్పు కలుపుకున్నారు. రెండోసారి పెట్టించుకున్నారు కూడా.

రానన్న వంటామె మర్నాడూ వచ్చింది. అదే వేళకు అదే పిలుపూ వచ్చింది. ఆ మర్నాడు పిలుపు వెనక కుక్కరు విజిల్ వినిపించింది. నాయనమ్మ జీవితంలో కుక్కరు ముట్టుకోలేదు. పైగా అదే విజిల్ గోడ అవతలినుంచి కూడా వచ్చింది. అప్పుడు ఫోన్ తీసి చూశాను. నా నెట్ మీద ఉన్నవి మూడే స్పీకర్లు. నాలుగోది తాళం వెనక, ఇంకా వాళ్ళ నెట్ మీదే ఉంది. తలుపు కింద పచ్చటి వెలుగు దాని లైటుదే. వాళ్ళు ఫోన్లో ఏది పలికితే అది మా గదిలో మోగుతోంది. భయం పోయిన చోటికి రోషం వచ్చింది. వాళ్ళ ఇంట్లో భోజనాల పిలుపుకు మా నాన్నగారు లేవడమా?

తిన్నగా గోడ దగ్గరికి వెళ్ళాను. పెద్దావిడ పెరట్లో ఒక్కతే కూర్చుని గోరుచిక్కుళ్ళకు ఈనెలు తీస్తోంది.

"ఏమండీ, మీరు మీవాళ్ళని భోజనాలకి పిలుస్తుంటే మా గదిలో వినిపిస్తోంది. కాస్త ఆపించండి" అన్నాను.

ఆవిడ తల ఎత్తలేదు. "మావాళ్ళంతా చెరువుల మీదే తింటారు కదండి బాబుగారూ. క్యారేజీలు పొద్దున్నే వెళ్ళిపోతాయి. మధ్యాహ్నం ఇంట్లో నేనొక్కదాన్నే."

"మరి ఎవర్ని పిలుస్తున్నారు?"

"మీ వంటావిడ చెప్పిందండి, అయ్యగారు ముద్ద ముట్టట్లేదని. ఫోన్లో చూస్తే మీ స్పీకరు ఒకటి ఇంకా మా దాంట్లోనే ఉందంది మా కోడలు. పెద్దమ్మగారు ఎలా పిలిచేవారో ఈ గోడ మీంచి నలభై ఏళ్ళు విన్నాను కదండి." చిక్కుడు ఒకటి విరిచింది. "తింటన్నారాండి?"

"తింటున్నారు" అన్నాను.

"ఆయ్. అయితే ఆపించమంటారా?"

నేను గోడ మీది సున్నం గోకాను. "కుక్కరు కాస్త దూరంగా పెట్టుకోండి" అని వచ్చేశాను.

ఆ రాత్రి నాన్నగారితో "ఆ గదిలో స్పీకరు..." అని మొదలుపెట్టాను. "తెలియని విషయాలు మాట్లాడకండి" అన్నారు. ఎవరికి తెలియదో చెప్పలేదు.

తర్వాత మా నెట్ రెండుసార్లు మార్చాను. ప్రతిసారీ మూడు స్పీకర్లే కొత్తదానికి కలిపాను. ఇప్పుడు నా డ్యూటీ పొద్దుటినుంచి. ఈమధ్య సెలవుపెట్టి ఇంట్లో ఉన్న ఒక మధ్యాహ్నం, వసారాలో నాన్నగారి పక్క కుర్చీలో పేపరు పట్టుకుని కూర్చున్నాను. వంటింట్లోంచి పులుసు వాసన వస్తోంది. ఆకలి దంచేస్తోంది. ఇద్దరం కదలలేదు. కాసేపటికి తలుపు కింద పచ్చటి వెలుగు కదిలింది.

"ఇద్దరూ లేవండి. వడ్డించాం."

నేను ఇంట్లో ఉన్నట్టు ఆవిడకు ఎవరు చెప్పారో ఇప్పటికీ తెలియదు. ఒక పేరా చదివినట్టు నటించి, లేచాను.