బ్యాంకులో బాబాయి కునుకు

లోకంలో ఏది మంచిదో ఏది చెడ్డదో తేల్చడానికి మా బాబాయి దగ్గర ఒకటే పరీక్ష ఉంది. అక్కడ కునుకు పడుతుందా, పడదా.

వృత్తి వల్ల అబ్బిన గుణమది. ఆయన పరుపులు కుడతాడు. కుట్టిన ప్రతి పరుపు మీదా తానొక కునుకు తీసి చూసుకున్నాకే కొన్నవాళ్ళకి పంపుతాడు. పోనుపోను ఆ పరీక్ష పరుపులు దాటి వచ్చేసింది. అద్దె ఇల్లు చూడడానికి వెళ్ళి, ఇంటివాళ్ళు కాఫీ తెచ్చేలోగా ఖాళీ గదిలో గురక పెట్టాడు. పళ్ళ డాక్టరు కుర్చీలో నిద్రపోయి, లేచేసరికి పన్ను లేకపోతే, చాలా మంచి డాక్టరని వీధంతా చెప్పుకొచ్చాడు. ఒకసారి బస్సులో ఆయన గురక విని, ఇంజను పాడైందనుకుని డ్రైవరు బండి పక్కకి ఆపేశాడు. ఆ బస్సులో నేను లేను గాని, ఉన్నవాళ్ళకంటే బాగా చెప్పగలను.

అలాంటి బాబాయి కూతురికి కాలేజీలో సీటొచ్చింది, స్కాలర్‌షిప్పూ వచ్చింది. అది ఆమె పేరున ఉన్న అకౌంటులోనే పడుతుందట. వారం తిరిగేలోగా అకౌంటు తెరవకపోతే ఇంకొకరికి పోతుందట. మా చెల్లికి అక్కడొచ్చింది చిక్కు. ఇంట్లో నన్ను గడగడా తిట్టే పిల్ల, కొత్తవాళ్ళ ముందు మొదటి అక్షరం దగ్గరే ఆగిపోతుంది. నోరు తెరుచుకుంటుంది, మాట రాదు.

"బ్యాంకులో నేను మాట్లాడను. స్కాలర్‌షిప్పూ వద్దు, కాలేజీ వద్దు" అని తలుపేసుకుంది.

"మాట్లాడొద్దులే. మంచి బ్యాంకు ఏదో చూసొద్దాం, రా" అన్నాడు బాబాయి తలుపు బయట నుంచి.

బ్యాంకుల సంగతిలో మా వంశంలో నన్ను మించినవాడు లేడు కనుక నేనూ బయల్దేరాను. కాలేజీ మధ్యలో మానేశానని నన్ను అంటారు గాని, నేర్చుకోవలసిందంతా మొదటి ఏడాదే అయిపోతే మిగతా ఏళ్ళు అక్కడ కూర్చుని ఏం చేయాలి?

మొదటి బ్యాంకు అద్దాల మేడ. సోఫాలో కూర్చుంటే మనిషి మోకాళ్ళు తప్ప కనబడడు. చల్లగాలి, సన్నని సంగీతం, విద్యార్థులకి ఉచితంగా సంచీ. అకౌంటులో పైసా లేకపోయినా అడగరట. బాబాయి సోఫాలో కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. నాకూ రెప్పలు వాలాయి. నేనే ఆ బ్యాంకు మేనేజరునై, నన్ను ఫెయిల్ చేసిన మాస్టారికి అప్పు ఇవ్వనంటున్నట్టు హాయిగా కలొచ్చింది. బాబాయి తట్టి లేపాడు.

"పదరా. ఇక్కడ నిద్ర పట్టలేదు."

"ఈ సోఫాలోనా?"

"ఊహూఁ."

రెండో బ్యాంకులో వడ్డీ ఎక్కువ, ఫోన్లోనే అన్నీ అయిపోతాయి. అక్కడ బాబాయి కళ్ళు మూసి నిమిషం కాకుండానే తెరిచేశాడు.

"ఇక్కడ కునుకు చెదిరిపోతోందిరా."

"బాబాయ్, మనం పెట్టేది డబ్బు. మంచం కాదు."

"డబ్బయినా కాస్త ప్రశాంతంగా పడుకోవాలి కదా" అన్నాడాయన.

చెల్లి నా చెవిలో, "అన్నయ్యా, ఇలాగే వారం గడిచిపోతే బాగుణ్ణు" అంది.

మూడోది పాత భవనం. పైన పంకా తిరగడానికి ముందు ఆలోచించుకుంటోంది. కిటికీలోంచి పడిన ఎండలో దుమ్ము బంగారు రజనులా తేలుతోంది. క్యూలో జనం నీళ్ళలో నిలబడ్డ కొంగల్లా ఒంటికాలి మీద బరువు వేసి కదలకుండా ఉన్నారు. సంచీ లేదు, సంగీతం లేదు. పాసుబుక్కు మిషను మీద 'పనిచేయదు' అన్న కాగితం కూడా పాతబడి పసుపెక్కింది. బాబాయి చెక్కబల్ల మీద కూర్చుని, వెనక చెక్కకి ఆనుకుని కళ్ళు మూశాడు. క్షణంలో గురక. కాసేపటికి నిద్రలోనే నవ్వాడు.

"ఇదేనమ్మా. వెళ్ళు" అన్నాడు కళ్ళు తెరవకుండానే.

"నాన్నా, మాట్లాడక్కర్లేదన్నావుగా."

"మాట్లాడకు. ఊరికే కౌంటర్లో ఆవిడకి ఎదురుగా నిలబడు. ఆవిడే అడుగుతుంది."

చెల్లి వెళ్ళి క్యూలో నిలబడింది. వంతు వచ్చింది. కౌంటర్లో ఆవిడ పేరడిగింది. చెల్లి నోరు తెరిచింది. మొదటి అక్షరం వచ్చింది, మళ్ళీ వచ్చింది, రెండోది రాలేదు. నేను సాయానికి లేవబోతే బాబాయి నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

కౌంటర్లో ఆవిడ కలం కింద పెట్టింది. చెల్లి మాటని తను అందుకోలేదు, గడియారం చూడలేదు. ఆ పూటకి తనకి వేరే పని లేనట్టు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. వెనకాయన గట్టిగా దగ్గాడు.

"ఉండండి బాబుగారూ, ఆ అమ్మాయిని చెప్పనివ్వండి" అందావిడ మెల్లగా.

పంకా ఒక చుట్టు పూర్తి చేసేసరికి మా చెల్లి తన పేరు మొత్తం చెప్పింది. ఆ తర్వాత వాళ్ళ నాన్న పేరు, ఊరు. ఆ తర్వాత ఎవరూ అడగకుండానే, కార్డు పోతే ఏం చేయాలో తనే అడిగింది.

నేను బాబాయి వైపు తిరిగాను. "నిద్రలో నీకెలా తెలిసింది?"

"ఏ నిద్ర? మొదటిచోట ఒక పెద్దాయన అడిగిందే మళ్ళీ అడిగాడు. 'ఇందాకే చెప్పాను కదండీ' అన్నాడు లోపలివాడు. రెండోచోట ఒకావిడ మాట పూర్తి చేయకుండానే తరవాతివాళ్ళని పిలిచారు. ఇక్కడ వినికిడి లేని ముసలమ్మకి ఒకే సంగతి మూడోసారి చెబుతూ కూడా ఈవిడ గొంతు మారలేదు. కళ్ళు తెరిస్తే సోఫాలు కనిపిస్తాయిరా. మూసుకుంటేనే మనుషులు వినిపిస్తారు."

"మరి గురక?"

"గురక లేకపోతే నువ్వు మాట్లాడతావు. నాకేమీ వినపడదు. మీ చెల్లికి మాత్రం ఈ సంగతి చెప్పకు."

బయటికొచ్చాక చెల్లి నడక మారిపోయింది. నా కంటే ముందు నడుస్తోంది. మలుపు దగ్గర ఆగి అడిగింది.

"అద్దాల మేడలు వదిలేసి దీన్నెందుకు ఎంచావు నాన్నా?"

"బల్ల చాలా మెత్తగా ఉందమ్మా" అన్నాడు బాబాయి. వెనక నడుస్తున్న నాకు ఆయన చొక్కా కనిపిస్తోంది. బల్లకున్న మేకు గీరుకుని అది వీపు మీద జానెడు చిరిగి ఉంది.