ఆముదపు ఆకు ఎండేదాకా

పెనం మీద ఆముదపు ఆకు వెచ్చబెట్టిన వాసన తగిలితే, ఉప్పాడలోని మా మగ్గం గుంట గుర్తుకొస్తుంది. నాన్న పొద్దస్తమానం ఆ గుంటలో కాళ్లు దించి చెక్కలు తొక్కేవారు. ఒక వేసవిలో ఆయన పిక్కలోని సిరలు నీలంగా ఉబ్బి, చుట్టూ ఎర్రగా వాచాయి. నేత నూలులోని నీలిరంగే కాలిలోకి ఎక్కిందని నేను భయపడ్డాను.

అమ్మ ఆయనకు ఊరగాయ మాన్పించి, వెల్లుల్లి చారు పోసి, వెచ్చని ఆకు పిక్కకు కట్టి, కాలిని దిండ్లపైకి ఎత్తించింది.

"ఆకు ఎండేదాకా గుంటలో దిగారంటే ఊరుకోనండి!"

"అయితే చీర నువ్వు నేస్తావేంటి? బియ్యం డబ్బా చూశావా?" అన్నారు నాన్న.

ఆకు ఆ రంగును పీల్చేస్తుందని నమ్మి, అది ఎండిపోకుండా నేను చాటుగా నీళ్లు చిలకరించాను.

ఇప్పుడు పంపులు రూపొందించడం నా వృత్తి. సిరల్లో రక్తాన్ని వెనక్కి జారనివ్వని కవాటాలు చెడితే, ఏ ఆకూ వాటిని బాగుచేయలేదని తెలుసు. ఆయనకు కాస్త ఉపశమనమిచ్చింది కాలిని ఎత్తి ఉంచడమే.

ఆ రోజు సాయంత్రం నాన్న కట్టు విప్పి, నీళ్లోడుతున్న ఆకును నా చేతిలో పెట్టారు.

"ఎండిపోయిందిలే అమ్మా," అని మళ్లీ గుంటలోకి దిగారు.