తోకలో మిగిలిపోయిన స్లైడ్లు

సంహిత ఇల్లు అల్ఫారెట్టాలో, బతుకు మాత్రం విమానాల్లో. సోమవారం పొద్దున్నే డిట్రాయిట్ పక్కనున్న ట్రాయ్‌లోని క్లయింటు దగ్గరికి ఎగిరిపోవడం, గురువారం సాయంత్రానికి తిరిగి రావడం. పెద్ద కన్సల్టింగ్ కంపెనీలో ఉద్యోగమంటే అంతే మరి. "ఇంతకీ నువ్వు చేసే పనేమిటే?" అని వాళ్ల పిన్ని ఫోన్లో అడిగినప్పుడల్లా "కంపెనీలకి సలహాలు చెప్తాం పిన్నీ" అంటుంది గానీ, ఆ సలహాలు చెప్పేది పైవాళ్లు. సంహిత చేసేది స్లైడ్లు. పొద్దున స్లైడ్లు, మధ్యాహ్నం స్లైడ్లు, కలలో కూడా బాణం గుర్తు వంకరగా పడిందని ఉలిక్కిపడి లేచే బాపతు.

ఆ ఉద్యోగాల్లో ఒక అలవాటుంది. ఖాళీ పేజీతో ఎవరూ మొదలుపెట్టరు. అంతకుముందు ఇంకో కంపెనీకి చేసిన స్లైడ్లను కొత్త ఫైలు చివర తోకలా తగిలించుకుని, వాటిని చూస్తూ అదే అచ్చులో కొత్తవి పోసుకుంటారు. పంపే ముందు తోక కత్తిరిస్తారు. రూలు ప్రకారం ఇది చేయకూడదు. చేయనివాళ్లు మాత్రం లేరు.

ఆ గురువారం డిట్రాయిట్ ఎయిర్‌పోర్టులో గేటు దగ్గర కూర్చుని, పొద్దున క్లయింటుకి పంపిన ఫైలును మురిపెంగా మళ్లీ తెరిచింది సంహిత. మూడు వారాల కష్టం, ఆ మాత్రం మురిసిపోవద్దూ! ఒక్కో పేజీ చూసుకుంటూ చివరికంటా వెళ్లింది. తోక అక్కడే ఉంది.

పై ప్రాణాలు పైనే పోయాయి. ట్రాయ్ క్లయింటు కార్ల విడిభాగాలు తయారుచేస్తుంది. తోకలో ఉన్నవి సాక్షాత్తూ వాళ్ల పోటీ కంపెనీ స్లైడ్లు! ఏ భాగానికి ఎంత ఖర్చవుతుందో, ఏ ఫ్యాక్టరీ మూసేద్దామనుకుంటున్నారో, అంతా బట్టబయలు. ఇది పొక్కితే ఉద్యోగం ఊడుతుంది, దాని వెనకే వీసా పోతుంది.

"అప్‌డేట్ చేసిన ఫైల్ పంపుతున్నాను, ఇదే వాడండి" అని ఒక మెయిల్ రాసింది. పంపబోయి ఆగింది. పాతది క్లయింటు ఇన్‌బాక్స్‌లో అలాగే ఉంటుంది కదా! మెయిల్ చెరిపేసి మేనేజర్ రుత్విక్‌కి ఫోన్ చేసింది. ఇక్కడే పుట్టి పెరిగిన కుర్రాడు, తెలుగు కొంచెం తడబడుతుంది.

"ఓ గాడ్! కానీ... నేను రివ్యూ చేశాను కదా! 'లుక్స్ గ్రేట్' అని కూడా పెట్టాను."

"చివరిదాకా చూశావా?"

"ట్వెంటీ స్లైడ్స్ దాకా చూశాను," అన్నాడు నసుగుతూ. "సరే, లీగల్‌కి నేను చెప్తాను. నువ్వు శశికాంత్‌గారికి కాల్ చెయ్యి. నిజం చెప్పు."

శశికాంత్‌గారు క్లయింటు కంపెనీలో డైరెక్టరు, ట్రాయ్‌లోనే తల నెరిసిన పెద్దమనిషి. సంహిత ఆయన నంబరు నొక్కింది. ఉన్నదున్నట్టు చెప్పేసింది. "ఆ ఫైల్ ఎవరికైనా ఫార్వర్డ్ చేశారా అండీ?"

"నేనే ఇంకా ఓపెన్ చేయలేదమ్మా, ఇంక ఫార్వర్డ్ ఎక్కడ! నిజం చెప్పనా? మీవాళ్లు పంపేవాటిలో నేను మొదటి పేజీ దాటి చూసింది లేదు. మిగతాది ఎలాగూ మీటింగ్‌లో మీరే చదువుతారుగా!"

ఆ మాటకు నవ్వాలో ఏడవాలో సంహితకు తెలియలేదు.

"ఇదిగో, డిలీట్ చేసేశాను. మా ఐటీ వాళ్లతో సర్వర్‌లోంచి కూడా తీయించేస్తా. పక్కవాళ్ల గుట్టు నాకెందుకమ్మా! నువ్వు దాచకుండా చెప్పావు, రేపు మా గుట్టు కూడా ఇంకోచోట ఇలా దొర్లితే చెప్తావు. నాకది చాలు. భయపడకు, వెళ్లి ఫ్లైట్ ఎక్కు."

బతుకు జీవుడా అనుకుంది సంహిత. లీగల్ వాళ్లు గట్టిగా మందలించి, గోప్యత మీద కోర్సు ఒకటి మళ్లీ చేయమని వదిలేశారు. ఆదివారం ఒళ్లు తెలియకుండా నిద్రపోయింది. నిద్రపోయే ముందు మాత్రం, మూడు వారాల చాకిరీని క్లయింటు తెరిచి కూడా చూడలేదే అని కాస్త మనసు చివుక్కుమంది. ఆ చూడకపోవడమే తనను బతికించిందాయె, ఎవరిని అనేది!

సోమవారం ట్రాయ్‌లో మీటింగ్. తోక కత్తిరించి పంపిన కొత్త ఫైలును శశికాంత్‌గారు ప్రింటు తీసి ముందు పెట్టుకున్నారు. మూలలు మడిచి ఉన్నాయి, పక్కన పెన్సిలుతో గీతలు.

"నువ్వంత కంగారుపడ్డావంటే ఇందులో ఏదో ఉండే ఉంటుందనిపించి, శనివారం కూర్చుని మొత్తం చదివానమ్మా," అన్నారాయన. "నలభై ఒకటో పేజీలో ఈ లెక్క నాకు అర్థం కాలేదు. ఎలా వచ్చింది?"

పక్కన రుత్విక్ హడావుడిగా పేజీలు తిప్పుతున్నాడు. ఇన్నేళ్ల ఉద్యోగంలో సంహితను నలభై ఒకటో పేజీ గురించి అడిగిన మొదటి మనిషి ఈయనే. కళ్లలో నీళ్లు తిరిగాయి. కుర్చీ ఆయన దగ్గరికి జరుపుకుని, "చెప్తానండీ," అంది.