ఏడో పుస్తకం బరువు

ఆ ఇంట్లో కూర చప్పగా ఉన్నా, కొత్త చెప్పులు కరిచినా, "ఏడో పుస్తకంలా ఉంది" అనడం అలవాటు. అక్క తపాలా కార్యాలయంలో చేరి, మొదటి రోజు పని చూసుకుని వచ్చి అన్నదీ ఆ మాటే. అన్నదే గానీ ముప్పై ఏళ్లు అదే పార్శిళ్ల కిటికీ దగ్గర కూర్చుంది. చివరికి కట్టను చేతిలోకి తీసుకోగానే బరువు చెప్పేసేది. త్రాసు పెట్టేది ఎదుటివాడి తృప్తి కోసమే.

అసలు సంగతి 'నీలితార' నవలలది. మొత్తం పన్నెండు. నీలితార అనే అంతరిక్ష నౌక, దాని మొండి కెప్టెన్, మూడో పుస్తకంలో తప్పిపోయిన నావికుడు. అక్కాతమ్ముళ్లిద్దరూ చిన్నప్పుడు వాటికోసం తిండి మానుకున్నారు, తన్నులు తిన్నారు. ఆరోదాని చివర నౌకకు పెద్ద దెబ్బ తగిలింది. ఏడోదానికోసం ఏడాదిపాటు కళ్లు కాయలు కాచేలా చూశారు. తీరా వస్తే ఏముంది? నౌక మరమ్మతుకు రేవులో ఆగిపోయింది. అంతే. పుస్తకం పొడుగునా విడిభాగాల జాబితాలు, గిడ్డంగి అధికారితో వాదనలు! తమ్ముడు ఏడుస్తూనే ఎలాగో పూర్తిచేశాడు. అక్క నలభయ్యో పేజీ దగ్గర మూసేసి, రచయితను నోటికొచ్చినట్టు తిట్టి, ఎనిమిదోది వచ్చాక కూడా ఆ పుస్తకం ముఖం చూడలేదు. ఎనిమిదోదాంట్లో నావికుడు దొరుకుతాడు. అదంటే ఆమెకు ప్రాణం.

తమ్ముడు పెద్దయి పుస్తకాల బైండరయ్యాడు. అక్కకు ఇప్పుడు మూత్రపిండాలు పాడయ్యాయి, చూపు పోయింది. కూతురు పనికి వెళ్లే మధ్యాహ్నాలు బైండరు వచ్చి మంచం పక్కన కూర్చుంటాడు. "నీలితార మొదటినుంచీ చదవరా" అని అడిగింది ఒకరోజు. "కానీ వరుస తప్పావంటే ఊరుకోను."

ఆరు పుస్తకాలు హాయిగా గడిచాయి. ఏడోది మొదలుపెట్టిన వారమే డాక్టరు అతన్ని వరండాలోకి పిలిచి, ఇక వారాల మాటేనని చెప్పాడు. అక్క మందుల మత్తులో రోజుకు ఎనిమిది పేజీలకు మించి వినలేకపోతోంది. ఈ వయసులో చదివితే ఏడోదాంట్లో ఏదైనా మంచి కనబడుతుందేమోనని అతను ఆశపడ్డాడు. ఏమీ లేదు. చిన్నప్పటికంటే అధ్వాన్నంగా ఉంది. ఈ లెక్కన ఎనిమిదోది మొదలుపెట్టేలోపే అక్క వెళ్లిపోతుంది. నావికుడు దొరకడు. ఆ ఆలోచనతో అతనికి అన్నం సహించలేదు.

చేతిలో పనితనం ఉంది కాబట్టి చెయ్యకూడని పని చేశాడు. పుస్తకం దుకాణానికి తీసుకెళ్లి, అట్ట ఊడదీసి, కుట్లు విప్పాడు. పదహారేసి పేజీల మడతలు ఆరు బయటికి లాగాడు. మిగిలినవాటిని మళ్లీ కుట్టి, జిగురు పూసి, అట్ట బిగించాడు. అనుమానం రాకుండా అతుకు దగ్గర కలిపి చదవడానికి ఒక వాక్యం కూడా మనసులో తయారుచేసుకున్నాడు. తీసిన మడతల్ని చెయ్యి తన అలవాటు ప్రకారం కాగితం ముక్కల గోనెలో పడేసింది.

మర్నాడు అక్క ఎప్పటిలాగే, చదివేముందు పుస్తకాన్ని చేతుల్లోకి తీసుకుంది. కాసేపు అలాగే పట్టుకుంది.

"ఏంట్రా, వంద గ్రాములు చిక్కిపోయింది?"

బైండరు పుస్తకం వెనక్కి తీసుకున్నాడు. "అట్ట పాడైతే తీసేశానక్కా. ఇది ఊరికే తాత్కాలికం. రేపు మంచిది వేసి తెస్తా."

"అట్ట బరువు అట్టలో ఉండాలి, కడుపులో కాదు" అంది. "సరే, రేపే తీసుకురా."

పరుగున దుకాణానికి వచ్చాడు. గోనె లేదు. పొద్దున్నే బండివాడు పట్టుకెళ్లాడు. చిత్తుకాగితాల గిడ్డంగికి వెళ్తే, అక్కడ మనిషెత్తు దిమ్మలు తీగలతో బిగించి లారీ ఎక్కిస్తున్నారు. "ఏ దిమ్మలో ఉందో దేవుడికే తెలియాలండీ" అన్నాడు కాపలాదారు. బైండరు ఒక దిమ్మ అంచున వేళ్లు దూర్చి రెండు కాగితాలు లాగాడు. ఎవరివో ఆసుపత్రి చీటీలు. వాటిని మళ్లీ లోపలికి దోపి, అక్కడే రాతిమీద చాలాసేపు కూర్చున్నాడు.

ఇక చేసేదిలేక, అదే మందం కాగితం వెతికి, ఆరు తెల్లమడతలు పోయినవాటి స్థానంలో కుట్టాడు. అక్క తూచి చూసుకుని, "ఇప్పుడు సరిపోయింది" అంది.

రెండు రోజులు అచ్చు పేజీలతో గడిచాయి. మూడో రోజు తెల్లకాగితం ఎదురైంది. అతను జన్మలో కథ చెప్పినవాడు కాదు. చెప్పమంటే నోరు పెగిలేది కాదు. చేతకాక తనకు తెలిసిన జాబితా అందుకున్నాడు. "గిడ్డంగి అధికారి ఇచ్చిన సామాను: దబ్బనాలు పన్నెండు. మైనం పట్టించిన దారం నాలుగు ఉండలు. జిగురు రెండు డబ్బాలు..."

"నీలితారకి జిగురెందుకురా?"

"పగుళ్లొచ్చాయి కదక్కా."

"ఓహో. చదువు."

అలా నాలుగు రోజులు నెట్టుకొచ్చాడు. అయిదో రోజు ధైర్యం కూడగట్టుకున్నాడు. ఎనిమిదో పుస్తకం మందుల సీసాల పక్కనే సిద్ధంగా ఉంది. తెల్లపేజీ మీద వేలుపెట్టి గొంతు సవరించుకున్నాడు. "మరమ్మతు పూర్తయింది. నీలితార రేవు విడిచింది. ఇక్కడితో—"

"ఆగరా." అక్క చెయ్యి చాచి పుస్తకం తడిమింది. మిగిలిన మందాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుంది. "ఇంకా ఇంతుంది. నన్ను మోసం చేద్దామనా?"

"ఎనిమిదోది వినవా మరి? నావికుడు దొరికేది?"

"ఎనిమిదోది నాకు మొదటినుంచి చివరిదాకా కంఠతా వచ్చురా పిచ్చోడా. కళ్లు పోయిన దగ్గర్నుంచీ రోజూ నాలో నేనే చదువుకుంటున్నా. పన్నెండింట్లో నాకు తెలియనిది ఇదొక్కటే. ఆ కెప్టెన్ అన్నాళ్లు ఆ రేవులో ఎలా ఉన్నాడో, ఏం చేశాడో... అప్పుడు మూసేసి తప్పు చేశాను. అందుకేగా వరుస తప్పొద్దన్నది."

బైండరు తల దించుకున్నాడు. ఆమె అడుగుతున్నది సరిగ్గా ఆ తొంభై ఆరు పేజీలే. అవి ఈపాటికి ఎక్కడో తొట్టిలో నాని గుజ్జయి ఉంటాయి. తను చిన్నప్పుడు వాటిని చదివాడు, మొన్నకూడా తిరగేశాడు. విసుగొచ్చిందన్నది తప్ప ఒక్క ముక్క గుర్తులేదు. నిజం చెప్పేద్దామని నోరు తెరిచాడు. ఆమె మొహం తనవైపే తిప్పుకుని, తల దిండుమీద కాస్త పైకెత్తి ఎదురుచూస్తోంది. చెప్పలేకపోయాడు.

"నువ్వు చదివావు కదా అప్పట్లో" అంది. "కెప్టెన్ భయపడ్డాడా?"

"భయపడ్డాడక్కా" అన్నాడు.

"ఎవరికైనా చెప్పాడా?"

"లేదు."

"ఊఁ." ఆమె దుప్పటి గడ్డందాకా లాక్కుంది. "పేజీ తిప్పిన చప్పుడు రాలేదేంటి?"

అతను తెల్లపేజీ తిప్పాడు.